రైలు గేటూ, మా నాన్నా, నేనూ

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్నకీ నాకూ ఓ చిన్న గొడవైంది. చిన్నదనే అంటున్నా గానీ రెండ్రోజులు ఇద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. అమ్మ మధ్యలో కూర్చుని "మీ నాన్నని కాఫీ తాగుతాడేమో అడుగు", "వాణ్ణి అన్నానికి రమ్మను" అంటూ రాయబారాలు నడిపింది. కారణం చెప్తే నవ్వుతారు. రైలు పట్టాలు.

మాది నరసరావుపేట పక్కన పల్లె. గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు పోయే లైను మా ఊరి పొలాల్ని చీల్చుకుంటూ పోతుంది. ఊరు ఇవతల, పొలాలు అవతల. పత్తి తీతకైనా, మిరపకాయ కోతకైనా, గేదెలకి గడ్డి తేవడానికైనా పట్టాలు దాటాల్సిందే. నా చిన్నప్పుడు అక్కడో గేటుండేది. గేటంటే గేటు కాదు, గేటు లేని గేటు. అటో బోర్డు, ఇటో బోర్డు, మధ్యలో మట్టి బాట. ఆగి, చూసి వెళ్ళమని బోర్డు మీద రాసుండేది. మేం ఆగిందీ లేదు, చూసిందీ లేదు. మా పని అంతా చెవులతోనే. డీజిలింజను మోత అంత దూరం నుంచి వినపడేది. "ప్రశాంతి వస్తంది, ఆగండ్రా" అని ఎవరో ఒకరు కేకేసేవాళ్ళు. గూడ్సుకో మోత, అమరావతికో మోత. తలెత్తి చూడకుండానే చెప్పేవాళ్ళం.

నేను ఐదో తరగతిలో ఉండగా మా వీధిలో పాలు పోసే ఆయన అక్కడే పోయాడు. ముసురు పట్టిన పొద్దున. సైకిలు మీద రెండు క్యాన్లు, తల మీద నుంచి కప్పుకున్న గోతం. గోతం మీద వాన చప్పుడు. చెవులతో దాటే మనిషికి ఆ రోజు చెవుల్లేవు. అంతే. ఇది నాకు ఇప్పుడు అర్థమైన సంగతి. అప్పుడు మాత్రం ఊళ్ళో అందరూ అన్నది ఒకటే మాట: "చూసుకోవద్దా?"

ఆ మాట నాతోపాటు ఇంజనీరింగు దాకా వచ్చింది, ఆ తర్వాత అమెరికా దాకా కూడా వచ్చింది. పేటలో ఉన్న మామూలు గేటు దగ్గర కూడా మా నాన్న టీవీఎస్ ఎక్సెల్‌ని పక్కకి వంచి, గేటు కింద నుంచి లాగేసేవాడు. వెనక కూర్చున్న నాకు సిగ్గేసేది. చదువుకోని మనుషులు, క్రమశిక్షణ లేని దేశం, ఎప్పటికి మారతారో... ఇలాంటి డైలాగులు మనందరికీ వచ్చినవే కదా. నేనూ బాగానే కొట్టేవాణ్ణి.

సరే, ఇప్పుడు శాన్‌హోసే సంగతి.

ఇక్కడ నార్త్ ఫస్ట్ స్ట్రీట్ అని ఒక రోడ్డుంది. మనవాళ్ళలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆ రోడ్డు మీద ఆఫీసుకు వెళ్ళినవాళ్ళే. రోడ్డు నడిమధ్యలో లైట్ రైలు నడుస్తుంది. 1987లో మొదలుపెట్టారు. మెట్రోలాగా స్తంభాల మీద కాదు, నేల మీదే, కార్ల పక్కనే, ట్రాఫిక్ లైట్ల కిందే. మన దగ్గర ఇలాంటిదంటే కలకత్తా ట్రామే గుర్తుకొస్తుంది. మద్రాసులో కూడా ఉండేవి గానీ 1953లోనే ఆగిపోయాయి. హైదరాబాదు వాళ్ళకి రైలంటే పట్టాలెక్కడో పైన ఉంటాయి, కాబట్టి ఈ గొడవ లేదు. ఆ లేకపోవడానికి ఎంత ఖర్చయిందో వేరే కథ.

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకి మీటింగు. తొమ్మిది ఇరవై ఐదుకి నేను నార్త్ ఫస్ట్ మీద ఎడమవైపు తిరిగే లైనులో ఉన్నాను. ముందు ఎర్ర బాణం. ఆ సిగ్నలు దగ్గర రెండేళ్ళుగా రోజూ ఆగుతున్నాను. దాని వరస నాకు నిద్రలో కూడా తెలుసు. ముందు మా ఎడమ బాణం పచ్చబడుతుంది, తర్వాత తిన్నగా వెళ్ళేవాళ్ళకి ఇస్తారు. ఆ రోజు మా బాణం రాలేదు. పక్కన తిన్నగా వెళ్ళే కార్లు కదిలిపోయాయి. నా బాణం మాత్రం ఎర్రగానే ఉంది. ఎదురుగా వచ్చే వాళ్ళు కూడా ఎవరూ లేరు. సిగ్నలు చెడిపోయినట్టుంది అనుకున్నాను. బ్రేకు మీద కాలు తీశాను. కారు సగం ముందుకు వెళ్ళింది.

అప్పుడు గంట వినపడింది. ఎక్కడ్నుంచో తెలియలేదు. ఎదురుగా ఏమీ లేదు. మళ్ళీ బ్రేకు తొక్కాను. ఎడమ అద్దం పక్కనుంచి, నా వెనక వైపు నుంచి, నలభై టన్నులకు పైగా బరువున్న పెట్టె ఒకటి, దాని వెనక ఇంకొకటి, నా బంపరుకి మూరెడు దూరంలో దాటిపోయాయి. లోపల ఒకావిడ పుస్తకం చదువుకుంటోంది. తలెత్తలేదు కూడా. మీటింగులో నేనేం మాట్లాడానో నాకిప్పటికీ గుర్తులేదు.

ఎవరిది తప్పు? నాదే. ఎర్ర బాణం దాటాను. ఇంకేం మాట్లాడతాం. ఎంఎస్ చేశాను, ఇన్సూరెన్సు కడతాను, అపార్ట్‌మెంటులో చెత్త కూడా మూడు రకాలుగా విడదీసి వేస్తాను. అయినా ఆ క్షణంలో నేను చేసింది సరిగ్గా మా నాన్న పేట గేటు దగ్గర చేసేదే. "చూసుకోవద్దా?" అని ఈసారి ఎవర్ని అడగాలి?

ఆ వారమంతా ఈ లైట్ రైలు ప్రమాదాల గురించే చదివాను. (మేనేజరు గారు ఇది చదవకపోతే బావుణ్ణు :) ) చదివేకొద్దీ నా పొట్టేలు గర్వం అణిగింది. నాలాంటి వాళ్ళ కోసం ఒక పెద్ద రిపోర్టే ఉంది. ఉత్తర అమెరికాలోని పది నగరాల లైట్ రైళ్ళని పరిశీలించి 1996లో రాసింది. అందులో శాన్‌హోసే కూడా ఉంది. రోడ్డు మధ్యలో రైలు నడిచే చోట కార్లకీ రైళ్ళకీ జరిగే గుద్దుళ్ళలో పెద్ద వాటా ఈ ఎడమ మలుపులదే. రైలూ కారూ ఒకే దిక్కుకి పోతుంటాయి కాబట్టి రైలు డ్రైవరు వెనక నుంచి వస్తుంది. మన కళ్ళేమో ఎదురు నుంచి వచ్చే కార్ల మీద ఉంటాయి. పైగా రైలు దగ్గరికొస్తే సిగ్నలు దానికి దారివ్వడానికి ఎడమ బాణాన్ని ఆ వంతుకి ఎగరగొట్టేస్తుంది. రోజూ వచ్చే వరస తప్పేసరికి, ఆ వరసని బట్టీ పట్టినవాడు "చెడిపోయింది" అనుకుని కదులుతాడు. అంటే కొత్తవాడి కంటే రోజూ వచ్చేవాడికే ప్రమాదం ఎక్కువ. ఇది చదివినప్పుడు ఎవరో నా కారులో కూర్చుని రాసినట్టనిపించింది.

మన భాషలో చెప్పుకుందాం. ఒక స్క్రీను మీద వెయ్యి మంది ఒకే తప్పు బటను నొక్కుతున్నారనుకోండి. ప్రతి టికెట్టునీ 'యూజర్ ఎర్రర్' అని మూసేయొచ్చు. మనలో చాలామందిమి ఆ పని చేసినవాళ్ళమే. కానీ వెయ్యి మంది ఒకే చోట ఒకే తప్పు చేస్తున్నారంటే అది యూజరు తప్పు కాదని మనకి లోపల తెలుసు. హ్యూస్టన్‌లో 2004 జనవరి 1న లైట్ రైలు మొదలైంది. మొదటి ఏడాదిలోనే అరవైకి పైగా గుద్దుళ్ళు. జనం రైలుకి వెక్కిరింపు పేర్లు పెట్టారు. డ్రైవర్లు రూల్సు పాటించట్లేదు అన్న మాట అక్కడా వినిపించింది. నిజమే కావచ్చు. ఆ మాటతో ఒక్క గుద్దుడు కూడా తగ్గదు.

మరి తగ్గించేది ఏమిటి? చూస్తే అన్నీ చిన్న చిన్న పనులే. రైలు కోసం ఎడమ బాణాన్ని ఎగరగొట్టే బదులు రైలు వెళ్ళాక ఇవ్వడం. రైలు వచ్చేటప్పుడు మాత్రమే వెలిగే రైలు బొమ్మ బోర్డు పెట్టడం. ఎప్పుడూ కనపడే బోర్డుని కన్ను మర్చిపోతుంది, ఉన్నట్టుండి వెలిగేదాన్ని మర్చిపోదు. రైలుకిచ్చే సిగ్నల్లో ఎరుపూ పచ్చా వాడకుండా తెల్ల గీతలు వాడటం, అడ్డగీతైతే ఆగు, నిలువు గీతైతే పో. లేకపోతే రైలుకిచ్చిన పచ్చని కారువాడు తనదనుకుంటాడు.

నడిచేవాళ్ళ కోసం చేసిన ఏర్పాటు నాకు ఇంకా నచ్చింది. పట్టాల దగ్గర దారిని తిన్నగా వెయ్యరు. కడ్డీల మధ్య జడ్ అక్షరంలాగా మెలి తిప్పుతారు. ఆ మెలికలో నడిచేటప్పుడు మనిషి మొహం తనంతట తనే రైలు వచ్చే వైపుకి తిరుగుతుంది. "చూడు" అని బోర్డు పెట్టక్కర్లేదు. చూడకుండా నడవడం కుదరదు. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాడైనా, గోతం కప్పుకున్నవాడైనా సరే. అది చదవగానే నాకు పాలాయన గుర్తొచ్చాడు.

ఇవన్నీ అమెరికా డబ్బులున్న దేశం కబుర్లు అనుకోకండి. ముంబైలో వడాలా స్టేషను దగ్గర 2010 ప్రాంతంలో ఒక ప్రయోగం చేశారు. పెద్ద వస్తువు ఏదైనా దూరం నుంచి నెమ్మదిగా వస్తున్నట్టే కనపడుతుంది, అది మన కంటి లోపం. రైలు విషయంలో ఇదే జరుగుతుందని లైబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎప్పుడో 1985లోనే రాశాడు. అందుకని వడాలాలో కొన్ని స్లీపర్లకి పసుపు రంగు వేశారు. రైలు ఒక్కో పసుపు పట్టీని మింగుతూ వస్తుంటే దాని వేగం కంటికి తెలుస్తుంది. కూతని ఒకే దీర్ఘంగా కాకుండా ముక్కలు ముక్కలుగా వేయించారు. రైలు కింద పడబోతున్న మనిషి మొహం ఫోటో పెద్దది పెట్టారు. రంగు డబ్బా ఖర్చు. అక్కడ చావులు బాగా తగ్గాయి. 2012లో అనిల్ కాకోద్కర్ కమిటీ మన దేశంలో పట్టాలు దాటుతూ ఏటా దాదాపు 15,000 మంది చనిపోతున్నారని లెక్క చెప్పింది. అంతమందిని "చూసుకోవద్దా" అని వదిలేశాం.

ఇంత చదివాక ఇంటికెళ్ళాను. ఇప్పుడు గొడవ సంగతి.

మా పొలాల దగ్గర ఆ గేటు లేని గేటు ఇప్పుడు లేదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో స్కూలు బస్సుని రైలు గుద్దిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు మన రెండు రాష్ట్రాల్లో ఏ ఇంట్లోనూ అన్నం సహించలేదు. అసలు చట్టం ప్రకారం కాపలా లేని గేటు దగ్గర బండి ఆపి, క్లీనరో కండక్టరో దిగి పట్టాల దాకా నడిచి చూసి, బండిని దాటించాలి. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షను. దాని గురించి తెలిసినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఏమైతేనేం, 2019 జనవరి 31 నాటికి దేశంలో బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లన్నీ ఎత్తేశారు. ఇది చిన్న విషయం కాదు. మనం తిట్టడానికి ముందుంటాం కాబట్టి ఇది కూడా చెప్పాలి. కొన్నిచోట్ల మనిషిని పెట్టారు, కొన్నిచోట్ల దారి మూసేసి పక్క గేటుకి కలిపారు, కొన్నిచోట్ల పట్టాల కింద నుంచి చిన్న సొరంగం దారి వేశారు.

మాకు మూడోది వచ్చింది. కాగితం మీద అంతకంటే మంచిది లేదు. రైలు పైన, మనిషి కింద. గుద్దుకునే అవకాశమే లేదు. మన భాషలో చెప్పాలంటే బగ్గు ఫిక్స్ చెయ్యలేదు, బగ్గు వచ్చే దారే తీసేశారు.

ఒక్కటే సమస్య. వాన పడితే ఆ కింది దారి చెరువు. నల్లరేగడి నేల, చుట్టూ పొలాల నీళ్ళన్నీ అందులోకే. నడుంలోతు నీళ్ళు నాలుగైదు రోజులుంటాయి. బురద ఇంకో వారం. సంక్రాంతికి ముందు అకాల వాన ఒకటి పడింది. సాయంత్రం నేను పొలం వైపు నడుస్తూ ఉంటే కట్ట మీద మా నాన్న కనపడ్డాడు. ఇంకో రైతూ ఆయనా కలిసి టీవీఎస్‌ని చెరో వైపు పట్టుకుని పట్టాల మీద నుంచి దాటిస్తున్నారు. బండి వెనక గడ్డిమోపు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక అరిచేశాను. "అరవై ఏళ్ళొచ్చాయి, చూసుకోవద్దా నాన్నా? కింద దారి వేసింది ఎందుకు?"

అవును, అదే మాట నా నోట్లోంచే వచ్చింది.

ఆయన కాళ్ళు కడుక్కుంటూ తాపీగా అన్నాడు. "ఈదుకుంటా రమ్మంటావా అబ్బయ్యా? గేదెలకి నువ్వు చెప్తావా, నీళ్ళు తగ్గిందాకా మేత లేదని?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనం చేసే పనే చేశాను, మూతి ముడుచుకుని కూర్చున్నాను. రెండ్రోజులు.

మూడో రోజు ఇద్దరం కలిసి అక్కడికి వెళ్ళాం. ఈసారి నేను చూడ్డానికి వెళ్ళాను, తిట్టడానికి కాదు. కట్ట మీద పక్కనే ఇంకో లైను కోసం మట్టి పోస్తున్నారు. గుంటూరు గుంతకల్లు లైను రెండు వరసలవుతోంది. అటు సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి మీదుగా బీబీనగర్ పోయే లైనుకి కూడా 239 కిలోమీటర్ల మేర రెండో వరసకి 2023లో కేంద్రం ఒప్పుకుంది. మంచిదే, పల్నాటికి రైళ్ళు పెరుగుతాయి. కానీ అక్కడ నిలబడితే నాకు భయమేసింది. మా ఊరి వాళ్ళకి ఒంటి లైను అలవాటు. బండి పోయిందంటే దారి ఖాళీ అన్నట్టే. రేపు రెండు వరసలొచ్చాక, ఒక గూడ్సు దాటిపోతుంది, దాని తోక చూసి అడుగేస్తారు, దాని చాటు నుంచి రెండోది వస్తుంది. లైట్ రైళ్ళ పుస్తకాల్లో దీనికోసం విడిగా బోర్డులే ఉన్నాయి, 'రెండో రైలు వస్తోంది' అని. పైగా కరెంటు ఇంజన్లొచ్చాక మా పాత మోతలు లేవు. చెవులతో దాటే విద్య ఇక పనికిరాదు. కానీ అలవాటు అంత తొందరగా పోదు. నార్త్ ఫస్ట్ స్ట్రీటు మీద నాది పోయిందా?

నాన్నకి ఇదంతా చెప్పాను. నా కారు సంగతి కూడా మొదటిసారి చెప్పాను. అమ్మకి చెప్పొద్దన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి నువ్వు చూసుకోవద్దట్రా?" అన్నాడు. ఇద్దరం నవ్వేశాం. నవ్వే విషయం కాదనుకోండి.

గేటు పెట్టాలన్నా, పైన వంతెన కట్టాలన్నా రైల్వేకి టీవీయూ అని ఒక లెక్కుంది. రోజుకి ఎన్ని రైళ్ళు, ఎన్ని బళ్ళు, రెంటినీ గుణిస్తారు. లక్ష దాటితే పై వంతెనకి రైల్వే, రాష్ట్రం చెరి సగం అన్న పద్ధతి చాలాకాలం నడిచింది. గేటు పడి తాళం పడితే తప్ప రైలుకి సిగ్నలు రాని ఇంటర్‌లాకింగు ఏర్పాటుకీ ఇదే లెక్క. 2025 జులై 8న తమిళనాడులో కడలూరు జిల్లా సెమ్మంకుప్పం దగ్గర అలాంటి ఏర్పాటు లేని గేటులో స్కూలు వ్యానుని రైలు గుద్దింది, పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత ఇంటర్‌లాకింగు పెట్టే హద్దుని పదివేల నుంచి 3,500కి తగ్గిస్తామన్నారు. మంచి నిర్ణయం. కానీ ఆ లెక్కలో ఉండేది రైళ్ళూ బళ్ళూ. తల మీద గడ్డిమోపుతో నడిచి దాటే ఆడమనిషి ఏ కాలమ్‌లోనూ లేదు. మనం కొలవనిదాన్ని మనం బాగుచెయ్యం, ఇది మన ఉద్యోగాల్లో రోజూ చూసేదే.

కాబట్టి వాళ్ళ లెక్కలోకి వచ్చేదాకా మేం చేసింది చెప్తాను. గొప్పేం కాదు. పట్టాల అవతల పొలాలున్న పద్నాలుగు ఇళ్ళ వాళ్ళం కూర్చున్నాం. కింది దారి దగ్గర ఒక గుంట తవ్వి, ఎవరి దగ్గరో మూలపడి ఉన్న ఆయిలింజను బాగుచేయించి బిగించాం. వాన పడితే వంతుల ప్రకారం నీళ్ళు తోడాలి. డీజిలు ఖర్చు ఈ ఏడాదికి నాది. గుంట చుట్టూ పొలాల నీళ్ళు రాకుండా కట్ట వేశారు. శాశ్వత పరిష్కారం కోసం అర్జీ కూడా రాశాం, ఫోటోలతో సహా. అర్జీలో "జనం పట్టాలు దాటుతున్నారు, చర్య తీసుకోండి" అని మా పెద్దాయన ఒకాయన రాయబోతే ఆపాను. "ఏడాదిలో ఇన్ని రోజులు కింది దారి మూతబడుతోంది" అని రాయించాను. మొదటి వాక్యానికి జరిమానా వస్తుంది, రెండో వాక్యానికి మోటారు రావచ్చు. వచ్చిందా అని అడక్కండి, ఇంకా రాలేదు.

తిరిగి వచ్చాక నేను మార్చుకున్నది ఒక్కటే. ఎడమ మలుపు లైనులోకి రాగానే పాటలు ఆపేస్తాను, అద్దంలో వెనక్కి చూస్తాను. మా బాణం రాకపోతే సిగ్నలు చెడిపోయిందని కాదు, రైలు వస్తోందని అనుకుంటాను. చాలాసార్లు రైలే వస్తుంది. మీలో ఆ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళుంటే దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అలాగే ఈసారి ఊరెళ్ళినప్పుడు గేటు కింద దూరే మనిషి కనపడితే తిట్టే ముందు ఒక్కసారి చుట్టూ చూడండి. అతనికి ఇంకో దారి ఉందా, ఆ దారి ఈ రోజు పనిచేస్తోందా అని.

మొన్న మా వైపు మంచి వాన పడింది. రాత్రి ఫోను చేస్తే అమ్మ మిరప నారు సంగతీ, చుట్టాల పెళ్ళి సంగతీ అన్నీ చెప్పి, పెట్టేసే ముందు మెల్లిగా అంది.

"మీ నాన్న ఇయ్యాల కిందినించే వచ్చాడులే నాయనా."